క్షణక్షణం లెక్క చెప్పే కంప్యూటర్ చిట్టా: కొనేముందు వర్తకులు చూడవలసినవి

వేగం ఒక్కటే చాలదు, అంకణా కుదరాలి

హుజూరాబాద్: పత్తి సీజన్‌లో హుజూరాబాద్, జమ్మికుంట ప్రాంతపు ఖరీదుదారుకు రోజు మొత్తంలో అన్నిటికంటె విలువైన అంకెలు రెండు. ఈ నిమిషానికి తాను ఎంత సరకు కొన్నాడు, అది సగటున ఏ ధరకు పడింది. పాట నడుస్తుండగానే ఈ రెండూ తెలిస్తే తర్వాతి లాటుకు ఎంతవరకు పోవచ్చో తెలుస్తుంది. సాయంత్రం గుమాస్తా చిట్టా కూడేవరకు ఆగితే, మధ్యాహ్నమే మిల్లుకు మాట ఇచ్చిన వర్తకుడు గుడ్డిగా మాట ఇచ్చినట్టే. ఈ ఇబ్బందిని తీర్చే సాధనంగా 'స్ట్రీమింగ్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్' అనే కంప్యూటర్ ఏర్పాటు కొంతకాలంగా వ్యాపార సంస్థలకు అమ్మకానికి వస్తున్నది. చీటీ పడిన క్షణానే లెక్క మారుతుందన్నది అమ్మేవారి ప్రధాన ప్రచారం. ఆ మాట చాలావరకు నిజమే. అయితే తప్పుడు అంకె కూడా అంతే వేగంగా తెరమీదికి వస్తుంది. కావున డబ్బు పెట్టే ముందు దీన్ని ఏ విధంగా తూచి చూడాలో వర్తకులు, ఆడతీదార్లు, బ్రోకర్లు తెలుసుకోవడం అవసరం.

చిట్టాకు, ఆవర్జాకు మధ్య

ఈ ఏర్పాటు పని తీరు లెక్కల పుస్తకాలు ఎరిగినవారికి కొత్తది కాదు. చిట్టాలో పద్దులు వచ్చిన వరుసలో ఒకదాని కింద ఒకటి పడుతూ పోతాయి. ఆవర్జాలో మనిషి వారీగా, సరకు వారీగా నిల్వ తేలుతుంది. మామూలు డేటాబేస్‌లో పద్దులన్నీ జమ అయి ఉంటాయి. 'పత్తి ఎంత కొన్నాం?' అని అడిగినప్పుడల్లా అది మొదటినుంచి కూడి జవాబు చెపుతుంది. మళ్లీ అడిగితే మళ్లీ కూడుతుంది. స్ట్రీమింగ్ డేటాబేస్‌లో ప్రశ్నను ఒక్కసారే రాసి పెడతారు. ఆపైన వచ్చే ప్రతి పద్దుకు ఆ ప్రశ్న జవాబులో ఎంత తేడా వస్తుందో అంతే కలుపుతుంది లేదా తీస్తుంది. అంటే చిట్టాలో గీత పడగానే ఆవర్జా నిల్వ దానంతట అదే మారిపోతుంది. ఎప్పటికప్పుడు తాజాగా ఉండే ఈ నిల్వ పట్టికను సాంకేతికులు 'మెటీరియలైజ్డ్ వ్యూ' అంటారు.

ప్రశ్న రాసే భాష మాత్రం పాతదే. ఎడ్గార్ కాడ్ 1970లో పట్టికల పద్ధతిని ప్రతిపాదించగా, ఐబీఎం సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో దానికి ఒక ప్రశ్నల భాషను వెలువరించారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. బ్యాంకులు, రైల్వేలు, కార్యాలయాల లెక్కలు ఈ భాషమీదే నడుస్తున్నాయి. ఈ భాష వచ్చిన కుర్రవాళ్లు కరీంనగర్, వరంగల్, హైదరాబాద్‌లలో కావలసినంతమంది దొరుకుతారు. కొత్త సాధనం పాత భాషలోనే మాట్లాడుతుందన్నది దీనికున్న పెద్ద అనుకూలత.

సంఘటనలను వరుసగా చేరవేసే 'కాఫ్కా' అనే వ్యవస్థను లింక్డ్‌ఇన్ సంస్థ తయారు చేసి 2011లో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. దానిమీద ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు నడిపే 'కేఎస్‌క్యూఎల్'ను కాన్‌ఫ్లుయెంట్ సంస్థ 2017లో ప్రకటించింది. ఇప్పుడది 'కేఎస్‌క్యూఎల్‌డీబీ'గా ఉంది. 'ఫ్లింక్' అన్నది బెర్లిన్ విశ్వవిద్యాలయాల పరిశోధనలో పుట్టింది. ఇది లెక్క కట్టే యంత్రమే గాని దాచిపెట్టే పెట్టె కాదు, ఫలితాన్ని వేరొక చోట నిల్వ చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో జరిగి 2013లో వెలువడిన 'నయాద్' పరిశోధన ఆధారంగా 2019లో 'మెటీరియలైజ్' సంస్థ ఏర్పడింది. 2022లో 'రైజింగ్‌వేవ్' తన ప్రోగ్రామును బహిరంగపరచింది. ఈ చివరి రెండూ బాగా వాడుకలో ఉన్న 'పోస్ట్‌గ్రెస్' డేటాబేస్ పద్ధతిలోనే ప్రశ్నలు తీసుకుంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో పడిన మార్పులను నేరుగా చదువుకోగలవు కూడా.

మార్కెట్ యార్డులో 'సంఘటన' అంటే

సాంకేతికులు 'ఈవెంట్' అనేది యార్డులో రోజూ జరిగేదే. గేటు వద్ద బండి నమోదు ఒక సంఘటన. తేమ చూడడం, పాట పలకడం, ధర ఖాయం కావడం, కాంటా వేయడం, తక్‌పట్టీ రాయడం, రైతుకు సొమ్ము చెల్లించడం ఒక్కొక్కటి ఒక్కొక్క సంఘటన. ఒక లాటు యార్డులోకి వచ్చి బయటికి పోయేలోగా అరడజను పద్దులు పడతాయి. 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో ప్రారంభమైన ఈ-నామ్ జాతీయ మార్కెట్ 2020 మే నాటికి 1,000 మార్కెట్లకు విస్తరించింది. తెలంగాణలో నిజామాబాద్ మొదటి విడతలోనే ఇందులో చేరింది. ఈ మార్పుతో పైన చెప్పిన పద్దుల్లో చాలా భాగం కాగితం మీదినుంచి కంప్యూటర్‌లోకి వచ్చాయి. 2025-26 సీజన్‌లో పత్తి సంస్థ (సీసీఐ) మద్దతు ధర కొనుగోళ్లకు 'కపాస్ కిసాన్' యాప్‌లో నమోదు ఏర్పాటు వచ్చింది. అంటే పద్దు పుట్టే చోటే అది కంప్యూటర్ పద్దుగా పుడుతున్నది. ఇక మిగిలింది ఆ పద్దులను సరిగా కూడుకోవడమే.

సరిగా కూడడం ఎందుకు కష్టమో పత్తి వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. ఇది 8 శాతం తేమకు వర్తించే ధర. తేమ ఒక్కొక్క శాతం పెరిగిన కొద్దీ ధరలో ఒక్కొక్క శాతం కోత పడుతుంది. 12 శాతం దాటితే సరకు తీసుకోరు. ఆ లెక్కన 10 శాతం తేమకు రూ. 7,947.80, 12 శాతానికి రూ. 7,785.60 వస్తుంది. మొదట 12 అని పడిన తేమ మళ్లీ చూస్తే 10 అని తేలితే, క్వింటాలుకు రూ. 162.20 తేడా. అప్పటికే ఆ లాటు మొత్తం లెక్కలో, సగటులో, చెల్లించవలసిన సొమ్ములో కలిసిపోయి ఉంటుంది. ఈ మూడు చోట్లా ఒకేసారి దిద్దుబాటు జరగాలి.

మూడు లాట్ల లెక్క

లెక్క కోసం మూడు లాట్లు అనుకుందాం. మొదటిది 20 క్వింటాళ్లు రూ. 7,200 చొప్పున, రెండవది 15 క్వింటాళ్లు రూ. 7,000 చొప్పున, మూడవది 25 క్వింటాళ్లు రూ. 7,300 చొప్పున కొన్నారు. మొత్తం 60 క్వింటాళ్లు, రూ. 4,31,500. సగటు రూ. 7,191.67.

ఇంతలో కాంటా వద్దనుంచి సవరణ వచ్చింది. మూడవ లాటు 25 కాదు, 24 క్వింటాళ్లే. సరైన ఏర్పాటు పాత పద్దును వెనక్కు తీసి కొత్త పద్దు వేస్తుంది. మొత్తం 59 క్వింటాళ్లు, రూ. 4,24,200, సగటు రూ. 7,189.83 అవుతుంది. పద్దులు చేర్చడమే గాని తీయడం తెలియని ఏర్పాటు సవరణను నాలుగో లాటుగా భావించి మరో 24 క్వింటాళ్లు కలుపుతుంది. అమ్మేవారు చూపే ప్రదర్శనలో ఇది బయటపడదు. ప్రదర్శనలో చీటీలన్నీ సక్రమంగా ఒక్కొక్కసారే వస్తాయి.

మరొకటి చూద్దాం. యార్డులో ఫోను సిగ్నల్ ఊగిసలాడి, రెండవ లాటు చీటీ రెండుసార్లు పోయిందనుకుంటే, మొదటి లెక్కలో 60కి బదులు 75 క్వింటాళ్లు, రూ. 5,36,500, సగటు రూ. 7,153.33 అని తెరమీద కనిపిస్తుంది. సగటు రూ. 38.34 తగ్గినట్టు తోస్తుంది. లేని 15 క్వింటాళ్లు గోడౌనులో ఉన్నట్టు తోస్తుంది. ఆ అంకె నమ్మి మిల్లుకు 75 క్వింటాళ్ల బేరం ఖాయం చేసిన వర్తకుడు, మర్నాడు పై ధరకు 15 క్వింటాళ్లు వెతికి కొనవలసిందే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలి. 'ప్రతి పద్దు కచ్చితంగా ఒక్కసారే లెక్కకు వస్తుంది' అని అమ్మేవారు హామీ ఇస్తారు. దీన్ని 'ఎగ్జాక్ట్లీ వన్స్' అంటారు. ఆ హామీ తమ యంత్రం లోపలికి వచ్చిన తర్వాతకు మాత్రమే. బయట గుమాస్తా ఫోను ఒకే లాటును రెండు వేర్వేరు నంబర్లతో పంపితే ఏ యంత్రమూ పట్టుకోలేదు. కనుక మందు యార్డులోనే ఉంది. ప్రతి లాటుకు మారని నంబరు, దానికింద ప్రతి పద్దుకు వరుస నంబరు పడాలి. ఈ క్రమం లేని చోట ఎంత ఖరీదైన డేటాబేస్ పెట్టినా ఫలితం లేదు.

ఆలస్యపు చీటీ

యార్డులో 5 గంటల 40 నిమిషాలకు కాంటా అయిన లాటు చీటీ, నెట్ లేక 6 గంటల 30 నిమిషాలకు అందిందనుకుందాం. 6 గంటలకు రోజు లెక్క ముగించే ఆనవాయితీ ఉంటే, ఆ లాటు నేటిదా, రేపటిదా? చీటీ పుట్టిన వేళ వేరు, అందిన వేళ వేరు. రెండు వేళలనూ వేర్వేరుగా దాచే ఏర్పాటే వ్యాపారానికి పనికి వస్తుంది.

కొన్ని వ్యవస్థల్లో 'వాటర్‌మార్క్' అనే గడువు గీత ఉంటుంది. ఫలానా వేళ వరకు చీటీలన్నీ వచ్చేశాయని యంత్రం భావించే హద్దు అది. ఫ్లింక్ వంటివాటిలో గంట గంటకు లెక్క ముగించే పద్ధతి పెట్టుకుంటే, గీత దాటి వచ్చిన పద్దు మామూలు అమరికలో చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. మరికొన్ని పాత లెక్కను తెరిచి దిద్దుతాయి. దిద్దడం మంచిదే గాని, 6 గంటలకు ప్రింటు తీసి మిల్లుకు పంపిన కాగితానికి, 7 గంటల తెరకు తేడా వస్తుంది. ఏది వ్యాపారానికి అనుకూలమో యజమాని ముందే తేల్చుకోవాలి. గడువు ఎక్కువ పెడితే లెక్క ఆలస్యమవుతుంది. తక్కువ పెడితే చీటీలు జారిపోతాయి. రెండూ కలిసిరావు. జారిపోయిన చీటీలు కనీసం ఒక పక్క జాబితాలో కనిపించే ఏర్పాటు ఉండి తీరాలి.

అంకణా పరీక్ష

లెక్కలు వచ్చినవారు చేయగల అతి ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. దీనికి కంప్యూటర్ చదువు అక్కరలేదు. ఖర్చు, జమ ఎప్పుడూ సమానంగా ఉండాలన్నది అంకణా సూత్రం. ఆడతీదారు ఖాతాలో రూ. 50,000 జమ పడితే ఖరీదుదారు ఖాతాలో రూ. 50,000 ఖర్చు పడాలి. అన్ని ఖాతాల నికర నిల్వ కూడితే సున్నా రావాలి.

స్ట్రీమింగ్ డేటాబేస్‌లో ఖాతాల నిల్వ ఒక పట్టిక, వాటి మొత్తం మరొక పట్టిక. వేల కొద్దీ జమాఖర్చులు జోరుగా పంపుతూ ఆ మొత్తాన్ని తెరమీద చూస్తూ ఉండాలి. కొన్ని వ్యవస్థల్లో ఆ మొత్తం సున్నాయే చూపుతుంది. మరికొన్నిటిలో జమ ముందు కలిసి, ఖర్చు రెప్పపాటు తర్వాత కలిసి, మధ్యలో ఏనాడూ నిజం కాని అంకెలు మెరుస్తాయి. రద్దీ తగ్గాక సున్నాకు చేరతాయి. 'చివరికి సరిపోయింది గదా' అని అమ్మేవారు అనవచ్చు. తెరను కేవలం చూసి ఊరుకునేవారికి అది చాలును. కాని ఆ అంకెను బట్టి దానంతట అదే పాట ఆపే, పరిమితి దాటిందని హెచ్చరిక పంపే, మార్జిన్ అడిగే ఏర్పాటు ఉంటే, మధ్యలో మెరిసిన తప్పుడు అంకె చాలు నష్టం తేవడానికి. మెటీరియలైజ్ వంటి సంస్థలు ఈ పొందికనే తమ ప్రధాన బలంగా చెప్పుకుంటాయి. ఎవరు ఏమి చెప్పుకున్నా, ఈ పరీక్ష స్వయంగా జరిపి చూసుకోవడం మేలు.

కరెంటు పోయి వస్తే

యంత్రం ఆగిపోవడం తప్పనిసరిగా జరిగేదే. ఆగి లేచాక ఎక్కడినుంచి మొదలుపెడుతుంది, ఎంతసేపటికి సరైన లెక్క చూపుతుంది అన్నదే ప్రశ్న. ఈ వ్యవస్థలు కొద్ది కొద్ది వ్యవధిలో తమ లెక్క స్థితిని భద్రపరచుకుంటాయి. లేచాక ఆ గుర్తునుంచి మిగిలిన పద్దులు మళ్లీ చదువుతాయి. రైజింగ్‌వేవ్ ఈ స్థితిని బయటి నిల్వ స్థలంలో ఉంచుతుంది. ఫ్లింక్ 'చెక్‌పాయింట్' పేరుతో భద్రం చేస్తుంది. లేచిన తర్వాత పాత అంకెలు తాజా అంకెల్లాగే కనిపించడం ప్రమాదకరం. ఈ లెక్క ఎన్ని గంటల ఎన్ని నిమిషాల వరకు నిజమో తెరమీద చెప్పని ఏర్పాటును నమ్మరాదు.

ఈ విషయంలో పెద్ద సంస్థలు సైతం దెబ్బతిన్నాయి. 2021 ఫిబ్రవరి 24న జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉదయం 11.40కి లావాదేవీలు నిలిచిపోయి మధ్యాహ్నం 3.45కు గాని తిరిగి మొదలు కాలేదు. టెలికాం లింకుల వైఫల్యంతో మొదలైన ఇబ్బంది ఆన్‌లైన్ రిస్కు లెక్కల వ్యవస్థ అందుబాటులో లేకుండా చేసింది. సభ్యుల పొజిషన్లను క్షణక్షణం లెక్కగట్టే ఆ వ్యవస్థ లేనిదే వ్యాపారం సాగనివ్వడం క్షేమం కాదు. పాట నడిపే యంత్రం బాగున్నా లెక్క కట్టే యంత్రం లేకపోతే బజారు మూయవలసి వస్తుందన్నది ఆ రోజు తేలింది. యార్డులో కొనే వర్తకుడికీ ఇదే సూత్రం. తెర ఆరిపోయిన గంటసేపు ఏ కాగితం మీద రాస్తారో, తర్వాత వాటిని ఎవరు ఎక్కిస్తారో ముందే నిర్ణయించుకోవాలి.

ఎవరికి ఎంత వేగం?

ఇన్ని చెప్పాక అసలు ప్రశ్న వస్తుంది. ఇది ఎవరికి అవసరం? ఒక యార్డులో రోజుకు 2,000 లాట్లు వస్తాయనుకుని, లాటుకు 6 పద్దులు వేసుకున్నా 12,000 పద్దులే. 8 గంటల పనికి 28,800 సెకన్లు. అంటే సగటున 2.4 సెకన్లకు ఒక పద్దు. పాట జోరులో దీనికి పదింతలు వచ్చినా పోస్ట్‌గ్రెస్ వంటి మామూలు డేటాబేస్‌కు అది లెక్కలోకి రాదు. అది ఉచితంగా దొరుకుతుంది. ఒక యార్డులో, ఒకటి రెండు సరకుల్లో కొనే వర్తకుడు దాన్ని నిమిషానికి ఒకసారి మొదటినుంచి కూడమన్నా అతని అవసరం తీరుతుంది. అటువంటివారు స్ట్రీమింగ్ డేటాబేస్‌కు డబ్బు పెట్టడం చిల్లర కొట్టుకు వేబ్రిడ్జి పెట్టడం వంటిది.

కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ ప్రాంతాల్లో పదుల కొద్దీ కేంద్రాల్లో కొంటూ, జిన్నింగు మిల్లులు నడుపుతూ, గింజ, బేలు వేర్వేరుగా అమ్మే సంస్థల సంగతి వేరు. వాటికి కేంద్రం వారీగా, తేమ వారీగా, పింజ వారీగా డజన్ల కొద్దీ పట్టికలు ఏకకాలంలో తాజాగా ఉండాలి. ఒక చోట ధర మారితే మిగిలిన చోట్ల పరిమితి మారాలి. ఎక్స్ఛేంజి బ్రోకర్ల అవసరం ఇంకా ఎక్కువ. ఎన్‌సీడీఈఎక్స్‌లో నిజామాబాద్ డెలివరీ కేంద్రంగా ఉన్న పసుపు ఫ్యూచర్స్ వంటి వాటిలో ధర సెకనుకు ఎన్నోసార్లు కదలవచ్చు. కదిలినప్పుడల్లా ఖాతాదారులందరి లాభనష్టాలు, మార్జిన్లు మారతాయి. ఒక ధర కదలిక వెయ్యి ఖాతాలను కదిలిస్తుంది. అక్కడ ప్రతిసారీ మొదటినుంచి కూడే పద్ధతి నిలవదు, స్ట్రీమింగ్ పద్ధతికే చోటు.

వేగం చూసేటప్పుడు సగటు వేగం అడగరాదు. వంద చీటీల్లో తొంభైతొమ్మిది వెంటనే లెక్కకు వచ్చి, ఒకటి అర నిమిషం ఆలస్యమైనా సగటు బాగానే కనిపిస్తుంది. రద్దీ వేళ అన్నిటికంటె వెనుకబడిన చీటీ ఎంతసేపటికి చేరిందన్నదే అడగాలి. అక్టోబర్‌నుంచి డిసెంబర్ వరకు యార్డు నిండా పత్తి ఉన్న రోజున యంత్రం తీరు చూడాలి గాని, వేసవిలో ఖాళీ యార్డున చూసి లాభం లేదు.

ఖర్చు, లైసెన్సు, బయటపడే దారి

ఈ యంత్రాల ఖర్చు పద్దుల సంఖ్య కంటె, అవి జ్ఞాపకం ఉంచుకోవలసిన దాన్నిబట్టి పెరుగుతుంది. కొనుగోలు పద్దును చెల్లింపు పద్దుతో జత కలిపే ప్రశ్న పెడితే, చెల్లింపు రాని ప్రతి కొనుగోలునూ యంత్రం గుర్తు పెట్టుకుని కూర్చోవాలి. సీజన్ సాగేకొద్దీ ఆ మూట బరువెక్కుతుంది, మెమరీ అద్దె పెరుగుతుంది. ఖర్చు తగ్గించడానికి 'ఇన్ని రోజులు దాటిన పద్దు మరిచిపో' అని గడువు పెట్టవచ్చు. అయితే నలభై రోజుల తర్వాత వచ్చిన చెల్లింపుకు జత దొరకదు. బాకీ లెక్క తప్పుతుంది. కనుక మొదటి నెల బిల్లు చూసి తృప్తిపడక, మూడు నెలల సీజన్ చివర బిల్లు ఎంతవుతుందో లెక్క వేయించుకోవాలి.

లైసెన్సుల్లోనూ భేదాలున్నాయి. ఫ్లింక్, రైజింగ్‌వేవ్ అపాచీ లైసెన్సు కింద ఉన్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మెటీరియలైజ్, కేఎస్‌క్యూఎల్‌డీబీల లైసెన్సుల్లో షరతులున్నాయి. ఉచితం అన్న మాటకు నడిపే మనిషి జీతం, యంత్రపు అద్దె కలపాలి. క్లౌడ్‌లో పెట్టినట్టయితే రైతుల ఫోను, బ్యాంకు వివరాల బాధ్యత 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద ఎవరిదో ఒప్పందంలో రాసుకోవాలి.

వీటన్నిటికంటె పెద్ద ఖర్చు సరఫరాదారును మార్చవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఎంసీఎక్స్ ఎక్స్ఛేంజికి పాత సాంకేతిక సంస్థతో ఒప్పందం 2022 సెప్టెంబర్‌లో ముగియవలసి ఉంది. కొత్త వేదిక సిద్ధం కానందున దాన్ని పలుమార్లు పొడిగించుకోవలసి వచ్చింది. టీసీఎస్ తయారు చేసిన కొత్త వేదిక, మాక్ ట్రేడింగ్ జరిపిన తర్వాత, 2023 అక్టోబర్ 16న గాని ప్రారంభం కాలేదు. అంత పెద్ద ఎక్స్ఛేంజికే ఏడాదికి పైగా పట్టినప్పుడు, చిన్న సంస్థలు ముందుచూపు లేకుండా ఒకరి చేతిలో చిక్కుకోరాదు. మూల పద్దులన్నీ, అంటే చిట్టా, తమ సొంత మామూలు డేటాబేస్‌లో ఉంచుకుని, స్ట్రీమింగ్ డేటాబేస్‌ను ఆవర్జాగా మాత్రమే వాడుకోవడం క్షేమం. ఆవర్జా పోయినా చిట్టానుంచి మళ్లీ రాసుకోవచ్చు. చిట్టా పోతే చేయగలిగింది లేదు.

పరీక్ష జరపవలసిన తీరు

కొనే ఉద్దేశం ఉన్నవారు గత సీజన్‌లో రద్దీ ఎక్కువగా ఉన్న వారం చీటీలు తీసి, అవి వచ్చిన వరుసలోనే, పదింతల వేగంతో పంపి చూడాలి. వాటిలో ఉద్దేశపూర్వకంగా ఈ అయిదూ కలపాలి: రెండుసార్లు పంపిన చీటీ, గంట ఆలస్యంగా వచ్చిన చీటీ, తూకం సవరణ, ధర ఖాయమైన తర్వాత రద్దయిన లాటు, తేమ తిరిగి చూసిన లాటు. జోరు మధ్యలో యంత్రం ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, లెక్క కుదురుకునే సమయం గడియారంలో చూడాలి. సీజన్ మధ్యలో కొత్త ప్రశ్న పుడితే, ఉదాహరణకు 11 శాతం దాటిన తేమ సరకు కేంద్రం వారీగా ఎంత అని అడిగితే, పాత పద్దులన్నిటికీ జవాబు ఎన్ని గంటల్లో వస్తుందో, ఆ గంటల్లో మిగిలిన తెరలు మందగిస్తాయో లేదో గమనించాలి.

ఆపైన కనీసం రెండు వారాలు యంత్రం లెక్క, గుమాస్తా చిట్టా పక్కపక్కనే నడపాలి. రోజూ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి రెంటినీ సరిచూసి, తేడా వచ్చిన ప్రతి రూపాయికి కారణం రాయించాలి. తేడా ఉండడం తప్పు కాదు. కొన్ని తేడాల్లో యంత్రమే సరి, గుమాస్తాదే పొరపాటు అని తేలవచ్చు. కారణం చెప్పలేని తేడా మిగిలితే మాత్రం ఆ యంత్రం మీద బేరం ఆడరాదు. ఈ పరీక్షలన్నీ నెగ్గిన తర్వాతే చివరి వాయిదా చెల్లింపు అన్న షరతు ఒప్పందంలో ఉండాలి.

చీటీకి మారని నంబరు పెట్టడం, పుట్టిన వేళ రాయడం, మూల పద్దు సొంతంగా దాచుకోవడం అన్న మూడు అలవాట్లకు పైసా ఖర్చు లేదు. స్ట్రీమింగ్ డేటాబేస్ కొన్నా కొనకపోయినా వచ్చే పత్తి సీజన్‌కు ముందే వీటిని అమలులో పెట్టుకున్న సంస్థలకు లెక్కలో సగం చిక్కులు తగ్గుతాయి. ఇవి లేకుండా యంత్రం కొన్నవారికి తప్పుడు లెక్క ఇదివరకటికంటె త్వరగా అందుతుంది.